ముప్పై నాలుగో రకం

నరీన్‌లో ఆ రాత్రి మైనస్ ఇరవై రెండు.
బడి కంప్యూటర్ గదిలో నేనూ ఐజిరెకూ,
ఒకే దుప్పటి, రెండు తలలు.
తెర మీద ఇంకో రెండు గళ్ళు:
బిష్కెక్‌లో పిన్ని ఇంట్లో, జ్వరంతో తెమిర్;
కొండ అవతలి ఊరినుంచి ఎర్మెక్,
వాడి పెదవులు కదిలిన రెండు క్షణాలకు గాని
మాట మాకు చేరదు.

గంటలో పది లెక్కలు. నలుగురికీ ఒకటే జవాబు పెట్టె.
తొమ్మిదయ్యాయి. కాదు, ఆరే అయ్యాయి,
మూడింటిని మర్యాదగా దాటేశాం.

చివరిది: వరసగా ఏడు దీపాలు.
పక్కపక్కనున్న రెండూ వెలగకూడదు.
ఆ వరస ఎన్ని రకాలుగా ఉండొచ్చు?

ఐజిరెక్ చేతితొడుగు తీసి లెక్కబెట్టింది.
ఒకటి వెలిగితే ఏడు, రెండయితే పదిహేను,
మూడుకు పది, నాలుగుకు ఒక్కటే.
తెమిర్ దగ్గుతూ కూడాడు: ముప్పై మూడు.
ఎర్మెక్ ఏదో అనబోయాడు. నోరు తెరిచే ఉంది,
గడి నల్లబడింది.
అక్కడ కరెంటు వంతులవారీగా పోతుంది,
ఇవాళ వాళ్ళ ఊరి వంతు.

ఇంకా పదకొండు సెకన్లు. నేనే నొక్కాను.

నూట పన్నెండో స్థానం.
గుల్‌షారా టీచర్ "పర్లేదు" అంది, రెండుసార్లు.

బూట్ల కింద మంచు కరకరమంటుంటే
జేబులో ఫోను కదిలింది. ఎర్మెక్ సందేశం,
అరగంట కిందట బయల్దేరింది:
"అన్నీ ఆరిపోవడం కూడా ఒక రకమే కదా."

ఐజిరెక్ ఆగి కొండవైపు చూసింది.
అక్కడ ఊరుందని తెలియనివాళ్ళకు
అక్కడేమీ లేదు.
"ముప్పై నాలుగు," అంది మెల్లగా,
ఎవరికో హాజరు వేస్తున్నట్టు.