పదకొండో బొమ్మ

పరీక్ష గదిలో నన్ను కూర్చోనివ్వలేదు.
తలుపు సందులోంచి చూశాను.
కుబీకోవా అమ్మగారు మంచిదే, గొంతు కూడా పెంచదు.
ఒక్కో అట్టముక్కా తిప్పి సిదోనియా ముందు పెడుతోంది.
పిల్లి. కుర్చీ. గొడుగు.
మా వాడలో గొడుగున్న ఇల్లు లేదు,
అయినా నా కూతురు చెప్పింది.
పదకొండో బొమ్మ దగ్గర దాని కళ్ళు మెరిశాయి.
"ద్రాఖ్!" అంది,
నోట్లో నిజంగానే పండు పడ్డట్టు.

పెన్ను కదిలింది.
అడ్డంగా ఒక గీత.

స్లొవాక్‌లో ఆ పండుకి వేరే పేరుంది. ఇప్పుడు నాకూ తెలుసు.
ఆరేళ్ళప్పుడు తెలియకే
బడి వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను.
అక్కడ తొమ్మిదేళ్ళూ రంగులు పూయించారు,
బొత్తాలు కుట్టించారు.
భాగహారం మాత్రం మా ఆయనే నేర్పాడు,
పెళ్ళయ్యాక, అప్పుల చీటీ వెనక.

దెజిదెర్‌కి సొరుగు నిండా సర్టిఫికెట్లే.
ఫోర్క్‌లిఫ్ట్ నడపడం, ఇటుక పేర్చడం, కంప్యూటర్ మొదటి మెట్టు,
ఒక చలికాలమంతా పూలదండలు కట్టడం కూడా.
కొత్త పథకం వచ్చినప్పుడల్లా కొత్త శిక్షణ,
చివర్లో ఒక ఫోటో, ఒక శాండ్‌విచ్.
గిడ్డంగి వాళ్ళు ఫోన్లో "సోమవారం రండి" అన్నారు.
చిరునామా అడిగారు, చెప్పాడు.
సోమవారం రాకముందే ఆ ఖాళీ పూడిపోయింది.

నాకు పని ఉంది, కాదనను.
నారింజరంగు కోటు, చీపురు, వారానికి పదహారు గంటలు.
దాన్ని ఉద్యోగం అనరు.
మానేస్తే మాత్రం భత్యం కోస్తారు.
సెప్టెంబరులో కూడలిలో కొత్త వైన్ పండగ చేస్తారు.
మర్నాడు తెల్లారుజామున రాళ్ళ సందుల్లో
తొక్కిన గుత్తులు, ఈనెలు, కందిరీగలు.
ఊడ్చినకొద్దీ చీపురు జిగురెక్కుతుంది.
వాటి పేరేమిటని నన్నెవరూ అడగరు.

మునిసిపల్ ఆఫీసు గోడ మీద పోస్టరులో
మా పిల్లలాంటి పిల్ల, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.
"అందరికీ సమాన అవకాశం."
కింద ఒక సంవత్సరం వేశారు.
నా చిన్నప్పటి పోస్టరు మీద వేరే సంవత్సరం ఉండేది.
మా వాళ్ళ చేత ఎప్పుడూ
రాబోయే ఏడాదిలోనే కాపురం పెట్టిస్తారు.

ఆ రాత్రి దుప్పట్లోంచి సిదోనియా అడిగింది:
"అమ్మా, అంత పెద్దావిడకి ద్రాఖ్ తెలీదా?"
కాసేపాగి, "పాపం," అంది.

నిన్న ఉత్తర్వు వచ్చింది.
"స్వల్ప మాంద్యం." రెండు మాటలు, నీలం ముద్ర.
అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో తెలపాలట.
కారణం రాయడానికి ఒక్క గీత ఇచ్చారు.
కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను.
వెనక వరస గొణుగుతోంది.
వెనక గుమ్మం సంగతి రాయాలా? సొరుగు సంగతా? చీపురు సంగతా?
గీత ఒక్కటే, అదీ పొట్టిది.
గీత దాటకుండా రంగు పూయడం
నాకు బాగా వచ్చు.
అలాగే, నెమ్మదిగా, ఒక్క మాట రాశాను.

గుమాస్తా అమ్మాయి కాగితం తిప్పి తిప్పి చూసింది.
"ఎవరి పేరిది?"

"పండుదమ్మా," అన్నాను.
"పిల్ల సరిగ్గానే చెప్పింది."