పోగు తెగితే అనే మాట

హన్మకొండ చౌరస్తాల, మెట్ల కింది షాపుల
మూడు కంప్యూటర్లుంటే రెండు పనిచేస్తయి.
నాది కిటికీ పక్కది. రెండువేల మూడు నాటి వర్డు.
కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగినయి,
వేళ్లకు తెలుసు.

ఆషాఢంల ఓ మాపటీలి, తడిసిన గొడుగు గుమ్మానికి ఆనిచ్చి
హలీనా వచ్చింది.
కొత్తవాడ జంపఖానాల మీద ఏదో రాస్తున్నదట ఆర్నెల్ల సంది.
లాప్‌టాప్ వానల నాని సచ్చిపోయింది.
చేతిల నలభై కాయితాలు, అన్నీ పోలిష్.
"బూటు పాలిషా?" అన్నడు గౌస్ భాయ్ లోపల్నుంచి.

నా కుర్చీల కూసోని తానే కొట్టింది.
మన వత్తుల లెక్క ఆ అక్షరాలకూ కింద తోకలు, మీద చుక్కలు,
అరిగిన కీబోర్డుల అవన్నీ ఎక్కడ దొరికినయో ఆమెకే ఎరుక.
మొదటి లైను కింద మెలికలు మెలికలుగ ఎర్రగీత.
రెండో లైను కింద. మూడో లైను కింద.
పేజీ నిండేసరికి
ఏనుమాముల మార్కెట్ల మిర్చి ఆరబోసినట్టయింది.

నాకు అలవాటే.
పెండ్లి పత్రికల వరుడికీ వధువుకూ సుముహూర్తానికీ
దశదినకర్మ కార్డుల కీర్తిశేషులకు సుత
గీత కొడ్తది ఈ మిషిని. చూడనట్టుంట.
ప్రింటుల రాదు గద.
ఆమెతోని గట్ల కాలే.
"తప్పా?" అన్నది, పలక చూపిచ్చే పిల్ల లెక్క.

టూల్స్‌లకు పోయిన. లాంగ్వేజ్‌లకు పోయిన.
జాబితాల పోలిష్ ఉన్నది, పక్కన టిక్కు లేదు.
"నీ భాష పేరు తెలుసు దీనికి,
మాట తెల్వది" అని చెప్పిన.

గౌస్ భాయ్ బీరువా కింది అట్టపెట్టె గుంజిండు.
ప్రింటర్ సీడీలు, భజనలది ఒకటి, ఓడిపోయిన కార్పొరేటర్ ప్రచారంది ఒకటి,
అడుగున, మార్కర్‌తోని 'అన్ని భాషలు' అని రాసింది ఒకటి.
పిల్లి గోకినట్టున్నది దాని వీపు.
అంగీ కొసతోని తుడిచి పెడితే
ఎనభై ఏడు కాడ ఆగింది.
మళ్ల తుడిస్తే అరవై రెండు.
ఇగ కరెంటే పోయింది.

చీకట్ల చాయ తాగుకుంట ఊరి పేరు అడిగిన.
ఫోన్ వెలుగుల కాయితం మీద రాసింది.
నాలుగే అక్షరాలు, మూడింటికి గీతలున్నయి.
"లోడ్జ్" అని చదివిన.
నవ్వి "వూచ్" అన్నది.
అంటే పడవనట.
పడవ నడిచే నది మాత్రం లేదట,
ఉన్నయల్లా మిల్లులేనట.
వాళ్లమ్మ ఇరవై ఆరేండ్లు నూలు కాడ నిలబడ్డదట,
ఒకనాడు పోయేసరికి గేటుకు తాళమట.

నేనేం అనలే.
కిటికీల కెల్లి అజంజాహి మిల్లు దిక్కు చెయ్యి చూపిన.
వానల ఏం కనిపియ్యలే. కనిపిచ్చేటందుకు ఏం లేదు కూడ.
మా బాపు పొద్దుగాల ఇప్పటికీ
మోగని సైరనుకు చాయ గిలాస కింద పెడ్తడు.

కరెంటొచ్చినంక మూడోసారికి ఎక్కింది.
ఆపి మళ్ల సురువు చేస్తే
ముడి ఇప్పిన దారం లెక్క గీతలన్నీ పోయినయి.
మూడు దినాలు కొట్టింది హలీనా, టకటక, తలెత్తకుంట.

పదిహేడో పేజీల చెయ్యి ఆగింది.
ఒక్క మాట కింద ఎరుపు.
"స్పెల్లింగు తప్పిందా?" అన్న.
కాదన్నది. చెవులు ఎర్రబడ్డయి.
పోగు తెగినప్పుడు వాళ్లమ్మ అనే మాటనట,
మిల్లుల ఆడోళ్లందరు అనేటోళ్లట,
ఏ పుస్తకంల ఉండదట.

నవ్వాపుకోలేకపోయిన.
మా బాపుకూ ఉన్నది గసొంటిది ఒకటి.
చిన్నప్పుడు ఇంట్ల అంటే
అమ్మ మూతి మీద కొట్టేది.

కుడి బటన్ నొక్కి, 'డిక్షనరీల కలుపు' అన్న కాడ నొక్కిన.
"నీది కూడ" అన్నది హలీనా.
ఇంగ్లీషు అక్షరాలల్ల బాపు మాట కొట్టి
దాన్నీ కలిపిన.

ఆమె పోయి రెండేండ్లాయె.
పోలిష్ పక్కన టిక్కు అట్లనే ఉన్నది.
మొన్న వరుడి పేరు మీద నొక్కితే
ఏవో మూడు పోలిష్ మాటలు చూపి, 'ఇండ్ల ఏది?' అన్నట్టు నిలబడ్డది.
కలిపిన డిక్షనరీ తెరిచి చూసిన.
దానికి మేం నేర్పినయి రెండే,
రెండూ నలుగుట్ల అనేటియి కావు.

గౌస్ భాయ్‌కి చెప్పలే.