చేబదులు

ముసారాంబాగ్ వంతెన కింద సీసా ముంచేటప్పుడు
ఇప్పుడు ముక్కు మూసుకోను.
పదకొండేళ్ల పని.
ముక్కుకి అలవాటైంది, చేతికి కాలేదు,
గ్లవ్స్ రెండు జతలు వేస్తాను.
నురుగు ఇవాళ మినప్పిండి పొంగినట్టుంది.
అవతలి ఒడ్డున పెంటమ్మ గడ్డి కోసేది.
ఆ మడిలో ఇప్పుడు ఇంకెవరో వంగి ఉన్నారు.

పెంటమ్మ మా దవాఖానాలో, పద్నాలుగో మంచం.
కొడవలి జారి పిక్క మీద పడ్డ గాటు
మూడు వారాలైనా నోరు మూయలేదు.
ఆ చీము నా పళ్లెంలో గులాబీ రంగు చుక్కలుగా మొలిచింది.
ఒక చుక్క తీసి ఇంకో పళ్లెంలో పలచగా పరిచి
కాగితపు బిళ్లలు పేర్చాను, ఒక్కోదానిలో ఒక్కో మందు.
మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ జాగా ఖాళీ అవుతుంది,
పోలీసు జీపు వచ్చాక గల్లీ ఖాళీ అయినట్టు.
పొద్దున చూస్తే
బిళ్ల అంచు దాకా వచ్చి కూర్చున్నాయి,
అరుగు మీద కూర్చున్నంత ధీమాగా.

దాక్షాయణి మేడం జెల్ ఫొటో చూపించింది.
రెండు గీతలు, పక్కపక్కన, ఒకే ఎత్తులో.
ఒకటి పెంటమ్మ కాలిది, ఒకటి మూసీది.
"ఒకే జాతి కదా" అన్నాను.
"జాతులు వేరు. ఈ ముక్క మాత్రం ఒకటే."

వంశవృక్షం మీద నాకు నమ్మకం పోయింది ఆ రోజే.
తాతలిచ్చింది చాలకపోతే
ఇవి పక్కవాణ్ణి అడుగుతాయి.
గోత్రం అడగవు, ఇంటిపేరు అడగవు.
సన్నటి గొట్టం చాచి ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుంటాయి,
ఉంగరంలా చుట్టుకున్న పోగొకటి
విప్పుకుంటూ అటు జారుతుంది.
నోటు లేదు, వడ్డీ లేదు, సాక్షి సంతకం లేదు.
చేబదులు.
ఇచ్చినదాని దగ్గర నకలు మిగిలే ఉంటుంది,
ఇక తిరిగి అడిగే పనేముంది?

ఒక్కోసారి వైరస్ తన సామానుతో పాటు
పాత ఇంటివాళ్ల మూట పొరపాటున కట్టుకొచ్చి
కొత్త ఇంట్లో దించేస్తుంది.
చచ్చినవి పగిలి నీళ్లలో వదిలేసిన పోగుల్ని కూడా
బతికున్నవి ఏరుకుంటాయి.
నాన్న పోయాక ఆయన స్వెట్టర్ వాచ్‌మన్‌కి ఇచ్చాం.
చలికాలం ఒక పొద్దున, వెనక నుంచి చూసి
పిలవబోయాను.

ఈ ఊరికి ఇది కొత్తేం కాదు.
నేను కుర్చీ అంటాను, జేబు అంటాను,
ఏ గుర్రమెక్కి వచ్చారని ఆ మాటల్ని మా నాయనమ్మ అడగలేదు.
పక్కింటి సకీనా ఆపా ఉర్దూలో
పచ్చిపులుసు పచ్చిపులుసుగానే ఉంది.
నిన్న రాత్రి తోడుకి మజ్జిగ చుక్క లేక తలుపు కొడితే
చిన్న స్టీలు గిన్నెలో చెంచాడు పోసిచ్చింది.
ఆ చెంచాలో ఎన్ని కోట్ల ప్రాణాలో,
ఏం ఇచ్చిపుచ్చుకుంటున్నాయో.
తెల్లారేసరికి పాలు గట్టిపడ్డాయి.

వాటి మీద కోపం రావాలి. రావడం లేదు.
మందుని నీళ్లలోకి వదిలింది అవి కావు.
గొట్టాలు వేసింది చదువుకున్నవాళ్లం.
జ్వరం తగ్గగానే మూడో రోజు కోర్సు ఆపేసి
నేను చెత్తబుట్టలో వేసిన నాలుగు గోళీలు కూడా
ఎక్కడో ఒకచోట పాఠం చెబుతూనే ఉంటాయి.

రిపోర్టు పట్టుకుని వార్డుకి పోతే పెంటమ్మ అడిగింది:
"గిది నాకు ఎవలిచ్చిన్రు బిడ్డా?"
మూసీ అని నోటి దాకా వచ్చింది.
దాని వెనకే ఇంకో మాట కూడా వచ్చింది, మింగాను.
"ఇంకొక్క మందుందంట" అన్నాను.
ఆ బిళ్ల నా పళ్లెం మీద పెట్టి వచ్చాను.
రేపు పొద్దున దాకా తెలియదు.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు.
సకీనా ఆపాకని రెండు జామకాయలు కొన్నాను.
గిన్నెని సబ్బుతో ఒకసారి తోమి, మళ్లీ తోమి,
కొళాయి కట్టేయడం మరిచిపోయి
చేతులు చూసుకుంటూ నిలబడ్డాను.