నీలం టబ్బు

బత్తిలి నుంచి బండి మీద వస్తాడు ఆ కుర్రాడు.
వంశధార గట్టు కనబడగానే మైకు పెడతాడు:
"పాత ఫోన్లకు బకెట్లు, పగిలిన ఫోన్లకు మగ్గులు!"
ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో,
సవర వీధి మలుపులో రెండూ కలిపేసి.

పొద్దువాలాక గుణుపురం బస్టాండు వెనక
నా దుకాణం ముందు గోనెసంచి దింపుతాడు.
కిలో లెక్క. కాటా నాదే.
బ్యాటరీ ఉబ్బినవి ఇటు, తెర బతికినవి అటు,
మినుముల్లో రాళ్లు ఏరినట్టు ఏరతాను.

తెర నల్లబడితే ఫోను చచ్చిపోయిందనుకుంటారు జనం.
చావదు.
సన్నటి తీగ ఒకటి తగిలిస్తే
కడుపులో ఉన్నదంతా కక్కుతుంది.

ఏ ఫోను తెరిచినా అదే వరస.
టార్చిలైటు యాప్ అడిగింది: నీ చుట్టాల నంబర్లన్నీ ఇస్తావా?
అలవ్.
పంచాంగం యాప్ అడిగింది: రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావు?
అలవ్.
ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష,
సంతలో ఆ రెండూ కాని ఇంకో భాష.
ఒప్పుకునేది మాత్రం ఎవరికీ రాని నాలుగో భాషలో.
అలవ్, అలవ్ అని నొక్కీ నొక్కీ
అలవాటైపోయింది వేలికి.

గురువారం దాలమ్మ వచ్చింది, నెత్తిన నీలం టబ్బుతో.
ధర కాగితం ఇంకా ఊడలేదు దానికి.
"ఇది తీసీసుకో పాపా, నా ఫోను నాకిచ్చీ.
ఎర్ర కవరుది. ఎనకాల అప్పన్న బొమ్మ అంటించినాను."

నేనేమీ అడగలేదు. తనే చెప్పింది, గొంతు తగ్గించి:
"మా సంగం పదకొండు మంది ఆదార్లూ అందులో ఫొటో తీసినాను.
పాసుబుక్కులూ. గోడ మీద బొగ్గుతో రాసుకున్న పిన్ను నంబర్లూ.
లోనుకని సారు పంపమంటే పంపినాను. సెరపనేదు.
రెండు రాత్రులై నిద్దర నేదు పాపా.
పదకొండిళ్ల తాళాలూ
ఒక టబ్బుకి అమ్మీసినట్టుంది."

నాకు తెలుసు.
ఆ ఫోను మూడో సొరుగులో ఉంది.
నిన్న రాత్రే ప్రాణం పోశాను దానికి, తాళం కూడా లేదు.
కార్డులు చూశాను. గోడ చూశాను.
అక్కడితో ఆగితే బాగుండేది.
ఆమె గొంతు ఒకటుంది. విన్నాను. తర్వాత ఇంకోటి.

బ్యాంకులో తన ఒడియా విని నవ్వారట.
అందుకని వంటింట్లో కూచుని నేర్చుకుంటోంది:
"ఆజ్ఞా, మో నాఁ దాలమ్మ."
వెనక ఎసరు మరుగుతున్న చప్పుడు.
"ఆజ్ఞా, మో నాఁ..."
పద్నాలుగు సార్లు.
పదిహేనోసారి విసిగి మేనేజరు పుట్టుకనే కడిగేసింది,
శుద్ధమైన మన భాషలో.
నవ్వాను నేను,
షట్టరు సగం దించి, ఒక్కదాన్నే.

ఫోను తీసి బల్ల మీద పెట్టాను.
ఆమె దాన్ని చూడలేదు. నా మొహం చూసింది.
"ఇప్పి సూసినావేటి?"
"నేదమ్మా" అన్నాను.
ఆమె యాస ఎప్పుడు అంటుకుందో నా నాలిక్కి.

"సెరిపితే సెరుగుద్దా?"
"ఎంతో కొంత మిగులుతుంది."
అయితే సుత్తి ఇమ్మంది.
ముందు అప్పన్నను గోటితో ఒలిచి, కళ్లకద్దుకుని
కొంగున ముడేసుకుంది.
తర్వాత మూడు దెబ్బలు.
ఆకుపచ్చటి పలక పెంకులు పెంకులై
నా చెప్పుల దాకా ఎగిరింది.

టబ్బు వద్దన్నా వినలేదు. "నెక్క నెక్కే" అంది.
రేకు కారే చోట పెట్టాను దాన్ని.
బుధవారం సంచి దిగుతుంది కదా,
ఇప్పుడు ముందు తీగ తియ్యను. సుత్తి తీస్తాను.
అన్నిసార్లూ కాదు.

మొన్న బ్యాంకులో వరసలో నిలబడ్డాను.
నా ముందు ఇద్దరు, వాళ్ల ముందు దాలమ్మ.
కౌంటరు దగ్గర చీర సర్దుకుని,
"ఆజ్ఞా, మో నాఁ దాలమ్మ" అంది.
ఒక్కసారే. తడబడకుండా.
ఆమెతో పాటే
నా పెదాలు కదిలాయి.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.