తడి రంగు

మార్కాపురంలో మా వీధికి నీళ్లు మంగళవారం వస్తాయి,
ట్యాంకరొస్తే.
అట్లాంటి ఊళ్లో కంభం రోడ్డు మలుపులో
మున్సిపాలిటీ ఫౌంటెను కట్టింది.

కట్టి వదిలేసింది. మోటారు దగ్గర ఫైలు ఆగింది.
సిమెంటు గూడు మిగిలింది,
లోపల నోరు తెరుచుకుని ఒక పైపు.

డ్రాయింగు మాస్టారు ఇమ్మానియేలు గారు
పాత పుస్తకంలో బొమ్మ చూపించాడు కాలేషాకి.
రోము వాళ్ల ఇల్లు, పెరట్లో గూడు.
గూడంతా గాజు ముక్కలు, నీలం, ఇంకా నీలం.
అంచుకి గవ్వలు, చీరకి జరీ కుట్టినట్టు.
నీళ్లు పడేచోట చేపలు, ఒక బాతు.

"ఎన్నేళ్లయింది సార్?"
"రెండు వేలకి కాస్త తక్కువ."
"నీళ్లో?"
"ఎప్పుడో పోయినయ్. చేపలున్నాయి."

కాలేషా బీడీ ఆర్పాడు.
"ముక్కలే గదా. ఈ ఊళ్లో మనుషులకంటే ముక్కలెక్కువ."

నిజమే. పలకల ఫ్యాక్టరీల వెనక గుట్టలు గుట్టలు,
అక్షరం పడకముందే విరిగిన పలకలు.
నేను ఏరేదాన్ని. మాస్టారి పింఛన్లోంచి రోజుకి మూడొందలు.
గోరంత ముక్క కొట్టాలి.
పలక తన పొర చెప్పినచోట విరుగుతుంది,
మనం చెప్పినచోట కాదు.

నీలం దొరకలా.
మందుల షాపు సుబ్బరత్నం అటకెక్కి
వాళ్ల నాయన నాటి నీలం సీసాలు రెండు దించింది.
గాజులంగట్లో దోసెడు పచ్చ పెంకులిచ్చారు.
కొత్తపట్నం నించి మా వదిన బియ్యం సంచీలో గవ్వలు పంపింది.
సంచి విప్పితే ముందు వాసనొచ్చింది.
కాలేషా మోచేతి దాకా చెయ్యి పెట్టి
చాలాసేపు తియ్యలేదు.

రెండు సీసాలు ఎంతకని వస్తాయి?
పైపు నోట్లోంచి కిందికి జానెడు వెడల్పు ధార.
మిగతా నీరంతా పలక రంగే.
దూరంనించి ముసురు పట్టినట్టుండేది.

రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రాలా.
ఒక మేక వచ్చింది. తొట్లోకి దిగి, వాసన చూసి,
మమ్మల్ని కోపంగా చూసి పోయింది.

మంగళవారం.
బిందెల వరస ఫౌంటెను చుట్టూ తిరిగింది.
కాలేషా వంగి, బొటనవేలు నాలిక్కి తగిలించి
బళ్లో పలక తుడిచినట్టు
ఒక చేప వీపు రుద్దాడు.
బూడిద పోయింది. కింద వంకాయ రంగు, పాచి రంగు,
తడి ఉన్నంతసేపే.

వరసలో పిల్లొకతి చూసింది.
బిందెలో చెయ్యి ముంచి దోసెడు తెచ్చింది.
"తాగేవే అవి, నీ చేతులిరగ..." వాళ్లమ్మ.
పిల్ల అప్పటికే పోసేసింది.

తిట్టు సగంలో ఆపి
ఆమె కూడా
ఆరిందాకా చూసింది.