కోల్డ్ స్టోరేజీ గోడ

ఏప్రిల్ ఆఖరికి లీగు అయిపోతుంది.
జెర్సీలు క్లబ్బువాళ్లు వెనక్కి తీసుకుంటారు.
కాళ్లు మాత్రం వీళ్ల దగ్గరే వదిలేస్తారు,
జూలై దాకా జాగ్రత్తగా చూసుకోమని.

ఆ కాళ్లేసుకుని ముగ్గురు వచ్చారు నా దగ్గరికి.
గోవాలో ఎడమ వింగు ఆడే ఎలీషా,
కోజికోడు నుంచి పోతురాజు,
బెంగళూరులో ఏడాదంతా బెంచీ మీద కూర్చుని
గ్లవ్స్ నలక్కుండా తిరిగొచ్చిన జిలానీ.

గుంటూరులో స్టేడియం పొద్దున పూట నడకవాళ్లది.
కాలేజీ గ్రౌండు క్రికెట్ పిల్లలది.
మాకు మిగిలింది ఏటుకూరు రోడ్డులో
కోల్డ్ స్టోరేజీ వెనక కాస్త చదును నేల,
ఒక గోడ.

నాలుగున్నరకి మొదలు.
ఏడు దాటితే నిలబడలేం.
రోహిణి ఎండకి రోళ్లే పగులుతాయంటారు,
మోకాళ్లెంత.

మొదటి పదిరోజులు బంతి సంచిలోంచి తియ్యలేదు.
పోతురాజు అలిగాడు.
"బంతి చూపించకుండా ఫీజు తీసుకుంటారా సార్?"
ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నాను.
పదకొండు లెక్కపెట్టేసరికి ఊగి పడ్డాడు,
తొంభై నిమిషాలు అలవోకగా ఉరికే కుర్రాడు.
మళ్లీ అలగలేదు.

యార్డు వైపు నుంచి గాలి తిరిగిన రోజు
పరుగు సగంలో ముగ్గురూ ఒక్కసారే తుమ్ముతారు.
కళ్లు తుడుచుకుంటూ, ఎవర్నో తిట్టుకుంటూ
మళ్లీ గీత దగ్గరికి.
క్లబ్బు డాక్టరిచ్చిన కాగితంలో
గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో ఉంది.
మిరప ఘాటు గురించి లేదు.

తర్వాత గోడ.
ఎలీషా ఎడమ బూటు విప్పించాను,
కుడికాలికి పని నేర్పడానికి ఇంకో దారి లేక.
రోజుకి మూడొందలు.
సున్నం మీద బంతి మచ్చలు
మొదట్లో ఎక్కడపడితే అక్కడ,
వారానికి చాపంత,
ఇప్పుడు పళ్లెమంత.

మధ్యలో చొక్కాలు తీసి
ఆ గోడకే వీపులు ఆనిస్తారు.
లోపలి చలి ఇటుకల్లోంచి
కొసరు కొసరుగా బయటికొస్తుంది.
ఐసు ఖర్చు తప్పింది నాకు.

వాచ్‌మన్ మస్తాన్‌వలి టీగ్లాసుతో వచ్చి
బండమీద కూచుంటాడు.
"లోన లక్ష టిక్కీలున్నయ్ సారూ.
రేటొచ్చిందాకా నిద్ర.
రేటొచ్చిందంటే ఒక్క పూటలో లారీ ఎక్కుతయ్."
"రాకపోతే?" జిలానీ అడిగాడు.
"రంగు తగ్గుద్ది."
టీ ఊదుకున్నాడు మస్తాన్‌వలి.
వాడు మిరపకాయల గురించే చెప్పాడు.

ఇరవైరెండో తారీఖున ఎలీషాకి ఫోనొచ్చింది,
ఇంకో రెండేళ్లకి.
పోతురాజుకి ఆ తర్వాతి సోమవారం.
జిలానీ ఫోను బండమీద బోర్లా పడి ఉంటుంది.
మోగితే వాళ్లన్న,
పంక్చర్ల షాపుకి ఎప్పుడొస్తావని.

ఫీజు మాట నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు.
ఒకరోజు ఇంటికెళ్తూ చూసుకున్నాను,
నా స్కూటరు వెనక టైరు కొత్తది.

పోలీసు టీము నన్ను వదిలేసిన ఏడాది
నేనేం చేశానో వీళ్లకి చెప్పలేదు.
పడుకున్నాను.
ఆరునెలలు, ఫ్యానుకేసి చూస్తూ.
కాళ్లు బాగానే ఉన్నాయి అప్పటికి.
లేచేసరికి
అవి ఎవరివో అయిపోయాయి.

జూన్ మొదటి వారంలో ఇద్దరూ రైలెక్కారు.
ఈరోజు జిలానీ ఒక్కడే.
నాకంటే ముందే వచ్చి
చీకట్లో కోన్‌లు పేరుస్తున్నాడు.

నేను గోడకి కొడతాను,
అది ఎటు తిరిగొస్తే అటు వాడు దూకాలి.
ఎడమ వైపు బాగా అందుతోంది.
కుడి వైపు ఇంకా జానెడు తక్కువ.
మోచేతుల మీద మట్టి, దాని కింద ఎరుపు.
"చాలా?" అన్నాను.
గ్లవ్ పట్టీ పళ్లతో లాగి బిగించాడు.

గేటు తీసిన చప్పుడు.
లారీ ఒకటి రివర్సులో వస్తోంది మా మీదికే,
మస్తాన్‌వలి చెయ్యూపుతున్నాడు, రా రా రా అని.
కోన్‌లు ఏరి పక్కన పెట్టాం.
అది పోయాక మళ్లీ వేసుకోవాలి,
ఈసారి కుడి వైపు
ఇంకాస్త దూరంగా.