ఒంటి చుక్క

ఉత్తరం పంపాలంటే సర్వర్ ముందు పలకరిస్తుంది.
తలుపు తట్టి హెలో అంటుంది, పేరు చెప్పుకుంటుంది,
ఎవరు పంపారో, ఎవరికి ఇవ్వాలో రెండు ముక్కల్లో విన్నవించుకుంటుంది.
అవతలివాళ్ళు సరే అంటేనే సంచీ విప్పుతుంది.
అంతా చదివి వినిపించాక
ఖాళీ వరసలో ఒక్క చుక్క పెడుతుంది.
ఆ చుక్క పడకపోతే
అవతలివాడు చెవి ఒగ్గి అలా నించునే ఉంటాడు.

ఇంత మర్యాద నేర్చిన దానికి
సముద్రమంటే ఏమిటో తెలీదు.

ఫిబ్రవరి. క్లాక్స్‌విక్‌లో మా ఆఫీసు గది,
కింద చేపల గోదాం ఫ్రీజర్ల రొద.
ఫూగ్లోయ్ దీవికి తొమ్మిది రోజులుగా పడవ లేదు,
గాలి రేవుని అంటనివ్వడం లేదు.
పడవ ఆగితే ఆగిందని, కదిలితే కదిలిందని
టికెట్ కొన్నవాళ్ళకి కబురందాలి. నా పని అంతే.
మూడు వారాలుగా ఆ కబుర్లన్నీ స్పామ్‌లోకి పోతున్నాయి.
అర్ధరాత్రి దాటేదాకా కూచుని తాళాలన్నీ సరిచేశాను,
చూద్దామని ఒక ఉత్తుత్తి ఉత్తరం రాశాను:
పడవ నాలుగింటికి వస్తుంది. రేవుకి రండి.

నకలు డేటాబేసే కదా అనుకున్నాను.
నకలే. మనుషులే అసలు.

లాగ్‌లో వరసగా దిగాయి
సరే, సరే, సరే,
ముప్పై ఏడు సరేలు.
ఒక్కటి మాత్రం వెనక్కొచ్చింది:
ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు.
హానుస్ పెట్టె అది. అక్టోబర్‌లో పోయాడు.
లేడని చెప్పడానికి నాకంటే వాళ్ళ యంత్రానికే ధైర్యముంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
నాది కాస్త ఉప్పునీళ్ళే దాటింది, చాలు.
రావద్దు అని ఇంకో ఉత్తరం తోలాను.
ఒకేసారి ఇన్నా అని అనుమానపడ్డ అవతలి సర్వర్
కాసేపాగి రమ్మంది.
నాది బుద్ధిగా వాకిట్లో ఆగింది.

రేవు చూసుకునే యాకుప్‌కి ఫోన్ చేశాను.
ఆలస్యమైంది రన్వా, అన్నాడు కిటికీ దగ్గర్నుంచి.
దిగుతున్నారు.
ఎవరు?
ఉండు, లెక్కపెట్టనీ.

కొండ మీంచి ఒక టార్చి, దాని వెనక ఇంకోటి,
దూరంగా, తొందర లేకుండా ఇంకోటి.
అతను అంకెలు చెబుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.
ఖాళీ వరసలో చుక్క.
ఖాళీ వరసలో చుక్క.
నా ఉత్తరాన్ని ఒక్కొక్కరే ముగిస్తున్నారు.

పెట్టెలతో వచ్చినవాళ్ళు ఆరుగురేనట.
మిగతావాళ్ళు, ఎవరో దిగుతారేమో చూద్దామని.
మార్యూన్ ఫ్లాస్కు తెచ్చింది, కప్పులు మరిచిపోయింది,
మూతలోనే పోసి చేతులు మార్చుకుంటూ తాగారు.
నాలుగున్నర దాకా నల్లటి నీళ్ళకేసి చూసి
ఎవర్నీ ఏమీ అనకుండా కొండెక్కారు.
తిడతారేమోనని
నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఆరూ నలభైకి, ఊరు మళ్ళీ నిద్రపోయాక,
క్యూ కదిలింది.
ముప్పై ఏడు తలుపులూ తట్టి, పేరు చెప్పుకుని,
ఎంతో వినయంగా చెప్పొచ్చింది:
రావద్దు
.

మర్నాడు, జవాబులు ఎవరూ చూడని పెట్టెలో
ఒక జవాబు:
వెళ్ళొచ్చేశాం.
పేరు రాయలేదు.
చుక్క మాత్రం పెట్టారు.